కట్టెల పద్దు

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం
ఇంకా మానలేదు కిమోసోప్.
మెనెంగై కొండ కడుపులోంచి ఆవిరి
గొట్టాల వెంట తనే నడిచొస్తోంది
పాలు కాచడానికి.

పదిహేడేళ్లు బాయిలరు నోటికి
యూకలిప్టస్ దుంగలు తినిపించినవాడు
ఇప్పుడు ముల్లు చూస్తాడు: డెబ్బై రెండు డిగ్రీలు.
నమ్మకం చాలక
గొట్టం మీద అరచెయ్యి పెట్టబోయి
వెనక్కి తీసుకుంటాడు.

పద్దు పుస్తకంలో కట్టెల గడి
ఖాళీగా వదలబుద్ధి కాక
న్యోకాబి చిన్న సున్నా చుట్టింది.
"ఈ నెల లీటరుకి మూడు షిల్లింగులు ఎక్కువ" అంటే
క్యాన్లు మోసుకొచ్చిన ఆడవాళ్లు
మళ్ళీ చెప్పమన్నారు.

కాచింది నిప్పో నేలో
పాలకేం తెలుసు.

తెలిసింది ఒక్క కుక్కకే.
సాయంత్రం ఇంటికొస్తే
పొగ వాసన లేని ఆ చొక్కాని
మొరిగి మొరిగి
గుమ్మంలోనే ఆపేసింది.