ముగింపు సమయం మొదలు కంటే ముందుంది

గిరింపేటలో నా జిరాక్సు కొట్టుకి
దొరసామి నాయన మిట్టమధ్యాహ్నం వచ్చినాడు,
గోళ్ల సందుల్లో రాత్రి పూసిన అరదళం ఇంకా పచ్చగానే.
"పద్దెనిమిది రాత్రులు భారతం ఆడతాండాం మే.
కుర్చీలకు టికెట్టు ఫోన్లోనే అమ్మాలంటాండారు పిల్లోళ్లు.
చాపలు మాత్రం ఊరికే."

ఫారం తెరిచినాను.
ఈ కార్యక్రమం మళ్లీ మళ్లీ జరుగుతుందా?
నాయన్ను అడిగితే నవ్వినాడు.
"నలభై ఏండ్లుగా చస్తాండాడు అభిమన్యుడు.
అయినా ఏటికి ఒకసారే."

రోజూనా, వారానికా, నెలకా?
రోజూ అని నొక్కితే
పద్దెనిమిది గళ్లలోనూ బకాసురుడే వచ్చి కూర్చున్నాడు.
ఎన్ని బండ్ల అన్నం వండేది!
ఒక్కో గడిలోకీ దూరి పేరు మార్చుకుంటూ పోయినాను,
ద్రౌపదికి పెండ్లి చేసి, కీచకుణ్ణి వారంలోకి తోసి,
కర్ణుడికి ఆదివారం ఇచ్చి.
బొమ్మ అతికించమనింది.
ద్రౌపది వేషంలో మునికన్నయ్య ఉన్నది దొరికింది,
మీసం గొరిగిన చోట చెమట.
పిల్లలు చూడవచ్చునా అనడిగింది.
"చీర లాగే యాళకు నిద్రపోతార్లే" అన్నాడు నాయన.

మొదలు: రాత్రి పది.
ముగింపు: ఉదయం ఐదు.
ఎర్రగా ఒక వాక్యం లేచింది,
ముగింపు సమయం మొదలు కంటే ముందుంది, సరిచేయండి.
ఏమని సరిచేసేది?
ఆ యంత్రం పుట్టిన ఊళ్లో
పన్నెండు కొడితే రోజు మారిపోతుందేమో.
మా తట్టు పన్నెండుకి ఇంకా హాస్యగాడి మాటలే అయిపోవు,
దుర్యోధనుడు తెర వెనక గజ్జెలాడిస్తా ఉంటాడు.
చివరికి పదకొండూ యాభైతొమ్మిది అని అబద్ధం రాసినాను.
మిగిలిన ఐదు గంటలూ
ఏ తేదీకీ చెందకుండా పోయినాయి.

పుత్తూరు నుంచి కొన్నారు, పలమనేరు నుంచి కొన్నారు.
బెంగుళూరు నుంచి ఒకాయన పద్దెనిమిదీ కొని
ఒక్కదానికీ రాలేదు.

గురువారం అర్జున తపస్సు.
తపస్సు మాను నాటి, మెట్లకు కొయ్యలు దిగ్గొట్టి, పూలు చుట్టినాక
సాయంత్రం ఆరుకి వాన.
తడిసిన మాను మీదికి అర్జునుణ్ణయినా ఎట్లా ఎక్కమంటాం?
రేపటికి మార్చమన్నాడు నాయన.
ఫారం అడిగింది,
ఈ ఒక్క తేదీనా? దీని తర్వాతవన్నీనా?
ఒక్కటే అని నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"పాశుపతం చేతికి రాకముందే యుద్ధం ఎట్లా మే?"
అన్నీ, అని నొక్కినాను.
కీచకుడికి ఒక రోజు ఆయుస్సు పెరిగింది.
కర్ణుడికీ,
ఇంకా మట్టి కూడా తవ్వని దుర్యోధనుడికీ.
మంటపం వాళ్లు ఒక రోజు బాడుగ ఎక్కువడిగినారు.

నలభై మూడు మెసేజీలు వచ్చినాయి.
అందరూ డబ్బు అడిగినారు, ఒకడు తప్ప.
గజేంద్ర, గుజ్జు ఫ్యాక్టరీ, బంగారుపాళెం.
"గురువారానికి సెలవు పెట్టుకున్న్యానక్కా.
శుక్రవారం షిఫ్టు, రాత్రి రెండుదాకా. అప్పుడొస్తే రానిస్తారా?"
రా అని రాసినాను.

మూడున్నరకి వచ్చినాడు.
మోచేతుల దాకా తోతాపురి వాసన.
టికెట్టు చూపిస్తే నా ఫోను కీచుమనింది,
ఈ టికెట్టు నిన్నటిది.
దాని తప్పేముంది, రాసింది నేనే కదా.

పైన మాను కొసన
అర్జునుడు నిమ్మకాయలు విసురుతున్నాడు.
కింద ఆడవాళ్లు కొంగులు పరిచి
వెనక్కీ ముందుకీ జరుగుతున్నారు.
"ఏమంటాందక్కా అది?"
"ఏం లేదు. ఇంకా తెల్లారలా, పో"
అని తాడు పైకెత్తినాను.

ఒక కాయ ఎక్కడో తగిలి, ఎగిరి
నా బల్ల మీద ఫోను పక్కన పడింది.
ఎవురూ చూడలేదు.
కొంగున ముడేసుకుని
తర్వాతి టికెట్టు అడిగినాను.