నాలుగు వందల పన్నెండు

పైసల కోసమని రాస్కున్నవా, కొడుకా?
కొట్టెయ్.
పైసలు తర్వాతి మాట.

మా ఊర్ల గడీకి గడియారం లేకుండె.
దొరసాని ఆవలించినంక సుత
చుట్టాలకు నీళ్లు కాగవెట్టాలె,
రేపటి వడ్లు ఈ రాత్రే దంచాలె.
మా అవ్వ రోకలి వట్టుకొని
నిలవడే నిద్రవోయేది.
పని వట్టిన పొద్దు ఎరుకే గాని
పని ఇడిచిన పొద్దు
మా ఇంట్ల ఎవ్వలికీ ఎరుకలేదు.

చిన్నాయిన ఉప్పలయ్య ముందుగాల్నే పట్నం ఉరికిండు,
ముషీరాబాద్ నూలు మిల్లుకు.
ఒకనాడు నడిజామున వచ్చి
దీపం వెట్టనియ్యకుండ చెప్పిండు:
"ఆడ ఒకటి కూస్తదే ఈదమ్మా,
అది కూసినంక నిన్నెవ్వడూ పిలువడు."
ఏదో పిట్ట గావచ్చు అనుకున్న.

గేటు కాడ మున్షీ పేరడిగిండు, అయ్య పేరడిగిండు,
ఏ గడీ అని అడగలే.
ఇత్తడి బిళ్ళ చేతుల వెట్టిండు,
నాలుగు వందల పన్నెండు.
నంబరంటే నీకు చిన్నతనమేమో.
నాకైతే
"ఒసేయ్" కన్నా పొడుగు పేరది.

లోపట దూది మంచు లెక్క కురుస్తుండె.
తెగిన పోగు అతుక్కుంట, అతుక్కుంట
పొద్దుగూకింది. కూసింది.
బెల్టులు ఒక్కొక్కటే నెమ్మదిచ్చినయి.
అందరూ కొంగులు దులుపుకొని పోతుంటే
నేను ఆడనే నిలవడ్డ.
"జావ్ అమ్మా," అన్నడు జమేదారు.
యాడికి?
"తుమ్హారీ మర్జీ."
పక్కపొంటి మైబూబ్‌బీ చెవుల చెప్పింది:
నీ ఇష్టం అంటున్నడు.

నా ఇష్టం ఏ గల్లీల ఉంటదో నాకేం ఎరుక?
కాళ్లు తీస్కపోయినకాడికి పోయిన.
హుసేన్‌సాగర్ కట్ట మీద కూసున్న
చిన్నాయిన ఇచ్చిన పైసకు పల్లీలు కొనుక్కొని.
సాయంత్రాన్ని ఏం జెయ్యాల్నో తెల్వక
పొట్టు నీళ్లలకు ఊదిన.

మిగిలింది గూడ రాయి, దాచిపెట్టకు.
దూది రొమ్ములకు దిగింది, దగ్గు నన్ను ఇడువది.
చిన్నాయిన రెండేళ్లు పళ్లచక్రం మింగింది,
ఆ వారం మిల్లోళ్లు నాగా రాసిండ్రు.
ఆఖరికి మిషన్లు లారీలెక్కినయి,
నా బాకీ ఎక్కడ దిగిందో తెల్వది.
మంచిదని నేనంటలేను.

మా మనవరాలు గచ్చిబౌలిల చేస్తది.
మెడల బిళ్ళ ఉన్నది, ఫోటోతోని.
నిన్న రాత్రి పదకొండుకు అన్నం కలుపుతుంటే
ఫోను మోగింది. చెయ్యి కడుక్కొని లేసింది.
నేను కూత కోసం చెవి పెట్టి విన్న.

ఏందో యాడికో పోయిన.
పల్లీలు వేడిగుండె, కొడుకా, ఉప్పేసినయి.
అది రాసినవా?