ఎన్నూరు యార్డులో ఆదివారం

రాత్రి వాన తెల్లారేసరికి వెలిసింది.
కంటైనర్ యార్డు కాంక్రీటు మీద నూనె మరకలు
రంగులు తేలుతున్నాయి.
కాంటెస్సా నాకన్నా రెండేళ్లు పెద్దది.
పక్క సీట్లో ఎతిరాజులు మామ,
ఒళ్లో టీ ఫ్లాస్కు.

"సెకండ్ గేరు. ముందు కుడికి ఓ అబద్ధం చెప్పు,
వెంటనే ఎడమకి నిజం."

చెప్పాను. బండి బరువు
ఈ భుజం మీంచి ఆ భుజానికి
నిద్రపోతున్న పిల్లలా మారింది.
క్లచ్ నొక్కాను. ఇంజిన్ ఆగిపోయింది.
"తన్నమన్నాను, తొక్కమన్లేదు."

హ్యాండ్‌బ్రేకు లాగితే
గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ నిలబడ్డాం.
ఫ్లాస్కు మూత సీటు కింద ఎక్కడో దొర్లింది.

ముప్పై ఏళ్లు హార్బరులో ఫోర్క్‌లిఫ్ట్ తోలిన మనిషి.
తోక ఎటు పోతోందో మెడ తిప్పకుండానే తెలుస్తుందాయనకి.
"చేతుల్తో కాదమ్మా, నడుంతో విను."

ఏడోసారో, ఎనిమిదోసారో
వెనక చక్రాలు నేలని వదల్లేదు గానీ
దాని మాట వినడం మానేశాయి.
జారే ప్రతిదాన్నీ బ్రేకేసి ఆపడమే
ఇన్నేళ్లూ నాకు తెలిసిన విద్య.
కాలు లేవబోయింది.
"ఉంచు! పోవాల్సిన చోటు చూడు."

నీలం కంటైనర్ని వదిలి
దాని పక్క ఖాళీని చూశాను.
వదులైన అరచేతుల్లో
స్టీరింగు తనంతట తనే ఎదురు తిరిగింది.
మూడు సెకన్లు, నాలుగేమో,
ముక్కొక వైపు, ప్రయాణమొక వైపు.

గోడకి బారెడు దూరంలో మళ్లీ ఆగిపోయింది ఇంజిన్.
మామ కిటికీ దించి
తడినేల మీద గీతలు చూశాడు.
"ఎడమ టైర్లో గాలి తక్కువుంది" అన్నాడు.

నేను సీటు కింద మూత వెతుకుతున్నాను.
చెయ్యి ఇంకా వణుకుతోంది.