లోపలెక్కడా లేని రంగు

కొత్తవాడ జంపఖానాల సంఘం ఆఫీసుల
ఒక్కటే ఫ్యాను. అదీ కంప్యూటరు దిక్కే తిరుగుతది.
ఆర్డర్లన్నీ మెయిల్లనే వస్తున్నయని
విప్పి, చదివి, పట్టికల పెట్టే ప్రోగ్రాం రాయమన్నరు.
నెలకు ఎనిమిది వేలు. ఎప్పుడిస్తరో అడగొద్దు.

రాత్రి పది దాటినంక ఒకటి విప్పిన.
విషయం ఉండాల్సిన చోట
సమానం గుర్తు, ప్రశ్న గుర్తు, యూటీఎఫ్-ఎయిట్, మళ్ల ప్రశ్న గుర్తు,
ఆ తర్వాత ఊపిరి తీసుకోకుంట ఇంగ్లీషు అక్షరాలు.
ఆడెపు రాజమల్లు నా భుజం మీంచి తొంగి చూసి
"ఎవలన్న తిట్టిండ్రా బిడ్డా?" అన్నడు.

లేదు కాకా, తెలుగే.
తొవ్వల తెలుగు నడవదని ఎప్పుడో ఎవరో అనుకున్నరు,
అందుకే ముసుగేసుకొని వచ్చింది.
ఒక్క పిలుపు పిలిస్తే ముసుగు తీసింది:
"పందిరి కిందికి పన్నెండు గజాల పట్టీలు, జల్ది."

పైన తలకట్లు. ఎవరు, ఎవరికి, ఏ తారీఖు.
కింద ఒక ఖాళీ వరుస.
ఏమీ లేని ఆ వరుసే
చిరునామాను మాట నుంచి ఇడదీస్తది.
ఈ మెయిల్ల అదే లేదు.
లైబ్రరీ కోపం చెయ్యలే.
లోపాలని ఒక జాబితా ఉంటది దానికి,
అండ్ల రాసుకొని ముందటికి చదివింది.
"మా సేటు గంతే," అన్నడు రాజమల్లు,
"పోగు తెగితే మగ్గం ఆపనియ్యడు.
యాదిల పెట్టుకుంటడు.
శనివారం కూలి కాడ కోస్తడు."

ఇగ జవాబు కట్టాలె.
నాలుగు మాటలు, డిజైన్ ఫొటో, ధరల కాయితం,
మూడింటినీ ఒక్క మూటల.
ముక్కకూ ముక్కకూ నడుమ హద్దు గీత ఉంటది,
అది ఏ ముక్క లోపలా కనపడొద్దు.
కనపడితే చదివేటోడు సగంలనే తెంపుకుంటడు.
గందుకే లైబ్రరీ అంతా ఎతికి
ఎక్కడా లేని అంకెల దారం ఒకటి వడుకుతది.

రాజమల్లు మూలకున్న చుట్టను కాలితో దొర్లించిండు.
ఒక్క పడుగు మీద నాలుగు జంపఖానాలు,
నడుమ నడుమ బెత్తెడు పసుపు.
"లోపలెక్కడా పసుపు లేదు సూడు.
ఉంటే కత్తెరకు యాడ ఆగాల్నో తెల్వది."

ఆఖరి హద్దుకు మాత్రం
వెనకాల ఇంకో రెండు అడ్డగీతలు.
"గవెందుకు?"
అయిపోయిందని చెప్పనీకి.
"ముడి అను మరి," అని
లుంగీ దులుపుకొని పోయిండు.

పంపే ముందు నేను కట్టినదాన్ని నేనే విప్పి చూసిన.
అన్నీ ఉన్నయి.
పంపినవారు: సంఘం. సంతకం: కార్యదర్శి.
నేసినోళ్ల కోసం ఏ తలకట్టూ లేదు.
కానీ సొంతంగ ఒకటి పెట్టుకోవచ్చు, ఎక్స్ తోని మొదలువెట్టి.
తెర మీద ఎవలకూ కనపడది,
ఊకెనే ఎవలూ పీకెయ్యరు.

పెట్టిన.
ఆడెపు రాజమల్లు, ముసుగేసుకొని,
పదకొండున్నరకు బయలెల్లిండు.