పద్నాలుగో నిబంధన

ఎయిలెర్ట్ పడవలు కట్టేవాడు.
పోయిన మూడో వారం కూతురు తూర్‌హిల్డ్
ఆయన కంప్యూటర్ తెరిస్తే
తెర అడిగింది: సదరు వినియోగదారు మీరేనా?

కాదు.

నార్వేలో, ఫ్యోర్డ్ ఒడ్డున, షెడ్డు రేకుల మీద వాన.
ఆయన చూడకుండానే అంగీకరించిన
నలభై ఒక్క పేజీల షరతుల్ని
ఆమె వేలు పెట్టి చదివింది.
"ఈ లైసెన్సు శాశ్వతం."
ఆ వెంటనే, "బదిలీ చేయరాదు."
శాశ్వతమంటే మనిషి ఉన్నన్నాళ్లేనని
ఎవరూ విప్పి రాయలేదు.

కొన్నామనుకున్నాం నాన్నా,
అద్దె ఇల్లట.
గోడకు మేకు కొట్టాలన్నా అడగాలట.

పక్కింటి ఉల్రిక్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు,
తాళం లేని కాపీ, రెండు నిమిషాల పని అని.
కాఫీ పోసి పంపేసింది.
గుమ్మం దాకా వచ్చి అన్నది ఒక్కటే:
ఆయన దొంగ చెక్కతో ఎప్పుడూ పడవ కట్టలేదు.

పద్నాలుగో నిబంధన దగ్గర వేలు ఆగింది.
"మీరు గీసినది మీదే."
మళ్లీ చదివింది.
గీత మనది.
గీతను చూపించే కన్ను మాత్రం కంపెనీది.

ముప్పై రోజుల ఉచిత వాడకం.
తన పేరు రాసి, ఈసారి అన్నీ చదివి,
అంగీకరిస్తున్నాను అని నొక్కింది.
పదకొండు రోజులు ఊరికే చూస్తూ కూర్చుంది.
తర్వాత ఒక్కో పలక వంపునీ
కాగితం మీదికి దించింది.
ప్రింటరు సిరా రెండుసార్లు అయిపోయింది.

చివరి పడవకు వెనకభాగం లేదు.
ఆయన అక్కడ ఆగాడు.

ముప్పయ్యో రాత్రి తెర తనంతట తాను మూసుకునేవేళకి
తూర్‌హిల్డ్ నేలంతా కాగితాలు పరిచి
మోకాళ్ల మీద కూర్చుని
పెన్సిలు చెక్కుకుంటోంది.