టెంక

కోర్టు ఎదురుగ్గా మా జిరాక్సు కొట్టు.
పొద్దస్తమానం పట్టాలు, బెయిలు కాయితాలు,
ఆధార్ కార్డుల్లో నవ్వని మొహాలు.
రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించినాక
వొంగి లోపలికొస్తాడు చెంగల్రాయులు,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్,
బనీనుకూ పొట్టకూ మధ్య
ఎనిమిది పేజీలు.

చెమటకు ఒక మూల ఇంకు కారుంటుంది.
"వాన అనుకుంటార్లేబ్బా, వేయి" అంటాడు.

పుస్తకం పేరు టెంక.
అందులో మనిషికి తలకాయ ఉండదు,
మెడ మీద చీకిపారేసిన మామిడిటెంక,
పీచంతా జుట్టులాగా లేచి నిలబడి.
వాడు గెలవడు. ఎవర్నీ కాపాడడు.
మొదటి గడిలో కూలి అడుగుతాడు,
రెండో గడిలో రేపు రమ్మంటారు,
మూడో గడిలో రేపు.
నాలుగో గడి ఖాళీ.
ఆ ఖాళీ కాడ నేనెంతసేపు నిలబడిపోతానో
మిషనుకు తెలుసు.

బొమ్మలు బాగుండవు, ముందే చెప్తున్నా.
చేతికి ఆరు వేళ్ళు వేస్తాడు, ఒకోసారి నాలుగు.
లారీ చక్రాలు కోడిగుడ్లు.
సూపర్‌వైజరు మీసం గడిగీత దాటిపోయి
పక్క గడిలోని ఆడమనిషి భుజం మీద పడుతుంది.
అది చెయ్యి జారిందో, తెలిసి గీసిందో
మూడేండ్లయినా నేనడగలేదు.

పేపర్లో వచ్చే కార్టూన్లు నాకూ తెలుసు.
మంత్రి పొట్ట, ఓటరు చిరుగు చొక్కా,
నవ్వుకుని, సాయంత్రం బజ్జీల పొట్లం కట్టొచ్చు.
టెంక పొట్లానికి పనికిరాదు.
మడిస్తే గుచ్చుకుంటుంది.

తిరపతి గంగజాతరలో బండవేషం కట్టినోడు
ఎంతటి పెద్దమనిషినైనా నడివీధిలో నిలేసి
నోటికొచ్చిన బూతు తిడతాడు,
తిట్టించుకున్నోడు దండం పెట్టుకుని పోతాడు.
అమ్మోరు ఆ ఒక్క వారానికే సెలవిచ్చింది.
మిగతా యాబై ఒక్క వారాలకూ
మావోడు కాయితానికి వేషం కట్టినాడు.

ముప్పై కాపీలు. టోనరు అడుగంటితే ఇరవై.
బెల్లం మండీలో మూటల సందున ఒకటి,
బస్టాండు టీకొట్టులో బన్నుల డబ్బా కింద ఒకటి.
వెల వేసే చోట రాసుంటుంది:
చదివినాక ఇంకొకరికియ్యాల.

బంగారుపాళెం నుంచి టైలరు పంకజాక్షి
కండక్టరు చేతికిచ్చి పంపుతుంది రెండు పేజీలు,
కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చించినవి.
ఆమె బొమ్మల్లో ఆడోళ్ళకు మాటల బుడగ
నోట్లోంచి రాదు,
జాకెట్టు వీపు హుక్కుల సందులోంచి వస్తుంది.
అది చదివి మా ఇంటామె
రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.
మూడోనాడు కూరాకు తరుగుతా అడిగింది,
"మళ్ళా పుస్తకం ఎప్పుడొస్తుంది?"

పోయిన నెల ఒక కాపీ సూపర్‌వైజరుకే దొరికింది.
పిలిపించినాడు. అటుతిప్పి ఇటుతిప్పి చూసి
"నా మీసం ఇంత లావా?" అన్నాడంట.
అంతే. ఉద్యోగం పోలేదు.
తెల్లారి మీసం కత్తిరించుకుని డ్యూటీకొచ్చినాడు.
ఆ రాత్రి చెంగల్రాయులు నా స్టూలు మీద కూచుని
పెన్సిలు నములుతా ఒకటే దిగులు,
"ఇంకేం గియ్యాల నేను? నమ్ముకున్న మీసం."

లోకాన్ని మారుస్తుందా ఇది అని
ఎవరన్నా అడిగితే నాకాడ జవాబు లేదు.
ఒక మీసం అంగుళం తగ్గింది.
అదీ మాకు నష్టమే.

పిన్ను కొడతాం. తప్పుగా పడితే గోటితో పీకి
మళ్ళా కొడతాం. వేలికి గుచ్చుకుంటే
ఆ కాపీ నాది.

పొద్దున్నే గుమస్తా వచ్చినాడు, దావా కాయితాలు పది సెట్లు.
ప్రతి పేజీలోనూ మార్జిను పక్కన
సన్నగా, వంకరగా ఒక పీచు గీత.
"ఏందిది?" అన్నాడు.
"గాజు మీద మురికి సార్."
గుడ్డ తీసి తుడిచినట్టు చేసినా.
తుడవలేదు.