తవ్వెడు చీరమేను

తూరుపు గాలి తిరిగిన మర్నాడు
యానాం రేవులో మా అమ్మ
చీర పరిచి దేవిన చీరమేనుని
తవ్వతో కొలిచి, పైన చారెడు కొసరు వేసి
"మీ మేడంగారికియ్యి, డబ్బులొద్దను" అంది.

మేడంగారు వండుకోలేదు.
గాజుపళ్లెంలో నీళ్లు పోసి
దారప్పోగంత చేపని కుంచెతో జరిపి
మైక్రోస్కోపు కింద పెట్టారు.
ఒక్కొక్కదాన్నీ. మూడు రోజులు.

అమలాపురం కాలేజీలో నేను ల్యాబు అటెండర్ని.
పందొమ్మిదేళ్లుగా సీసాలు తుడుస్తాను,
ఫార్మలిన్ తగ్గితే పోస్తాను,
నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని
చీటీల మీద పేర్లూ నేనే రాస్తాను.
తెలియని భాషని చూసి దించడంలో ఓ సుఖం ఉంది,
తప్పు నాది కాదు, ఒప్పూ నాది కాదు.

రెండే మాటలు.
మొదటిది పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో,
రెండూ ఎదురుగాలికి వంగినట్టు కాస్త వాలి.
ఎవరో దొరలు కట్టిన పద్ధతంట,
అయినా ఇంటిపేరు ముందు, పేరు వెనక.
వాళ్లలా కాదు, మనలా.
సంగాని నూకరాజు. మ్యుగిల్ సెఫాలస్.
నేనూ, సీసాలో బొంతచేపా
ఒకే హాజరుపట్టీలో ఇమిడిపోతాం.

"ఎవరూ మాట్లాడని భాషెందుకండీ?" అనడిగానొకసారి.
"మాట్లాడరు కాబట్టే" అన్నారు.
"నోట్లో నానే మాట అరుగుతుంది నూకరాజూ.
ఈ పాయలో ఒక చేప పేరు
ఆ పాయలో ఇంకో చేపదవుతుంది."

మా బావ గుర్తొచ్చాడు.
ఫోనులో ఒక పేరు చెప్పాడు,
లారీలో వేరే పిల్ల దిగింది.
పసితనంలో అన్నీ ఒకటే, రెండు కళ్లూ ఒక తోకా.
తేడా తెలిసేసరికి
ఎకరంన్నర చెరువు, ఒక ఏడు, వదిన గాజులు.

"ప్రతి పేరుకీ ఎక్కడో
ఏ దూరదేశపు బీరువాలోనో
ఒక చచ్చిన చేప ఉంటుంది" అన్నారు మేడం.
"అనుమానమొస్తే అందరూ దాని దగ్గరికే పోవాలి."
పేరు పడవైతే అది లంగరన్నమాట.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు,
అన్ని పేర్లనీ మోస్తూ
చీకట్లో కళ్లు తెరుచుకున్న ఆ చేపలు.

మూడోనాడు అమ్మే వచ్చేసింది, ఖాళీ తట్టతో.
"ఆయ్, ఏం తేలిందండీ?"
"ఇది ఒక చేప కాదమ్మా.
ముళ్లు లెక్కెట్టాను, మచ్చలు చూశాను,
పదకొండిళ్ల పిల్లలు."
"పిల్లలని నాకు తెలీదేటండీ?
బడికెళ్లే మంద. సంచీలొకటే, ఇళ్లు వేరు.
చీరమేనంటే చేప పేరు కాదండి,
చీర పేరు."

మేడం నవ్వి పెద్దసీసా చూపించారు.
"తెన్యులోసా ఇలిషా."
"మన ఇలసే! మీ దొరలకి నోరు తిరగలేదు గానీ."
"సముద్రంలో ఇలస, గోదారెక్కితే పులస.
రెండూ ఒకటేనమ్మా."
"ఒకటెలాగవుతాయండీ? ధర చూడండి!"

ఒక్క పిల్ల మిగిలింది.
ఏ పుస్తకానికీ ఒదగనిది,
నా గోటిమీది తెల్లచుక్కంత.
ఇసకదొందుల ఇంటిదన్నారు మేడం.
మొదటిమాట రాయించి
రెండోమాట దగ్గర నా చెయ్యి ఆపారు.
"అంతవరకే తెలుసు. కింద రాయి."
ఎక్కడ: యానాం, గౌతమి పాయ.
ఎప్పుడు: నవంబరు, తెల్లారగట్ల పోటు.
పట్టినవారు:

నేను అమ్మ వైపు చూశాను.
సంగాని గంగాలమ్మ.
పందొమ్మిదేళ్లలో
నాకు తెలిసి రాసిన మొదటి పేరు.
అక్షరాలెందుకో వాలలేదు, నిటారుగా వచ్చాయి.

"ఏం రాశావురా?"
"నీ పేరు."
"మరి దాని పేరు?"
"ఖాళీ."
"పోన్లే, బారసాల దాకా ఏ బిడ్డకైనా అంతేగా" అని
తట్ట చంకనెత్తుకుని, గుమ్మంలో ఆగి
"మిగతాది చింతచిగురేసి వండారా లేదా?" అంది.

మేడం సీసాల వైపు చూశారు.
నేను నేల వైపు చూశాను.
ఫార్మలిన్ ఘాటు
అప్పటికే అమ్మ ముక్కుకి అందింది.